నాలుగు మూలల పసుపు

మొన్న చలికాలంలో, మా చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వుతున్న రోజుల్లో, మా వదినె పోయింది. నాలుగైదు రోజుల నుంచి ఆయాసంగా ఉందంటే దవాఖానలో చేర్చాం. ఆ పొద్దున చాయ్ తాగి, చక్కెర తక్కువైందని నర్సుతో అని, గోడవైపు తిరిగి పడుకుందట. మళ్లీ లేవలేదు. నా భర్త ఫోన్ చేసేసరికి నేను మా ప్రెస్సు షాపులో, కార్డులకు బంగారు మెరుపు అద్దే ఫాయిల్ మిషన్ వేడెక్కాలని స్విచ్ వేసి నిలబడి ఉన్నాను. "అక్క పోయిందే" అన్నాడు. నేను స్విచ్ తీసేశాను. మిషన్‌లోని ఇనుప పలక చల్లారడానికి చాలాసేపు పడుతుంది. అది చల్లారేదాకా అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. ఎందుకో దాన్ని వేడిగా వదిలేసి పోబుద్ధి కాలేదు.

వదినె అంటే నా భర్తకు అక్క. మీలో చాలామందికి ఆమె తెలియదు. అయితే మీరు నిజామాబాద్ వైపు వాళ్లయితే, మీ ఇంటికి ఎప్పుడైనా వచ్చిన పెండ్లి పత్రిక మీద బంగారు రంగు వినాయకుడు తొండం చివరిదాకా ఎక్కడా చెదరకుండా మెరుస్తూ ఉంటే, అది ఆమె చేతి పని కావచ్చు. ప్రెస్సులో అచ్చయిన కాగితానికి ఆ తర్వాత జరిగే పనులన్నీ ఆమెవి. మెరుపు అద్దడం, అక్షరాలు ఉబ్బెత్తుగా లేపడం, నీళ్లు పడినా చెడకుండా పైన పల్చటి పొర వేయడం. అచ్చు వేసేవాడి పేరు కార్డు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ పనులు చేసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమెను బోధన్‌కు ఇచ్చారు. భర్త అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చెరుకు ఆడే కాలంలో రోడ్డు పొడుగునా బండ్లు నిలబడి ఉండేవని, ఇంట్లో ఆరేసిన బట్టలకు కూడా పాకం వాసన పట్టేదని చెప్పేది. ఆ రోజుల గురించి అంతకు మించి చెప్పేది కాదు. ఆయన కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. అత్తగారింట్లో కొన్నాళ్లుండి, చివరికి ఒక ట్రంకు పెట్టెతో పుట్టింటికి వచ్చింది. అప్పటికి నా భర్త ఒక చిన్న ప్రెస్సు పెట్టుకుని ఉన్నాడు. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని, "తమ్మీ, కార్డులు మడత పెట్టుడన్న నాకియ్యి" అని అడిగిందట. మడతలతో మొదలుపెట్టి, ఒక్కో పనీ నేర్చుకుంటూ, నేను కోడలిగా వచ్చేనాటికి షాపు వెనక గది మొత్తం ఆమెదైంది.

నేను ఆ గదిలోకి మొదటిసారి పోయిన రోజు ఆమె ఒక కార్డును చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకుని ఉంది. దండం పెట్టుకుంటుందేమో అనుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏందట్ల సూస్తున్నవ్ మర్దలా? పొర లోపట ఇసుక పలుకు ఉంటె చేతికి దొరకది. చెంపకు దొరుకుతది. ఇదిగో, నువ్వు గూడ సూడు" అని కార్డు నా చెంపకు ఆనించింది. చల్లగా, నున్నగా ఉంది. నాకేమీ తెలియలేదు. ఆమెకు మాత్రం ఎక్కడో చిన్న పలుకు తగిలింది. ఆ కార్డు పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది.

ఆమె అలవాట్లు కొన్ని ఇప్పటికీ నా చేతుల్లో ఉన్నాయి. నూలు చీర తప్ప కట్టేది కాదు. పాలిస్టరు చీర దుమ్మును లాగుతుందని, ఆ దుమ్ము పోయి లామినేషన్ ఫిల్ము కింద చేరుతుందని ఆమె నమ్మకం. వానాకాలం ఉదయాలు ఎంత తొందరున్నా లామినేషన్ మొదలుపెట్టేది కాదు. కాగితానికి చెమ్మ పట్టి, తర్వాత కార్డులన్నీ ఎండుటాకుల్లా చుట్టుకుంటాయి. ఫాయిల్ వేసే ముందు పలక వేడి సరిపోయిందో లేదో పాత కాగితం ముక్కను తాకించి చూసేది. కాగితం రంగు మారితే వేడి ఎక్కువ. బంగారం పొడిలా రాలితే తక్కువ. చాయ్‌లో చక్కెర మాత్రం కొలత లేకుండా వేసుకునేది. నేను ఏమన్నా అంటే, "బోధన్ల కాపురం జేసిన. నాకు చక్కెర తక్కువ వోస్తవా?" అని నవ్వేది.

మెరుపు గురించి ఆమెకొక మాట ఉండేది. ఎవరైనా కార్డు నిండా బంగారం కావాలని పట్టుబడితే, "తక్కువైతె మల్లొకసారి పెడ్త. ఎక్కువైతె తియ్యరాదు బిడ్డా, ఆలోచించుకో" అనేది. చావు కార్డులకైతే పైన ఏ పొరా వేయనిచ్చేది కాదు. ఒకసారి ఎవరో తండ్రి కర్మ కార్డులకు మెరుపు లామినేషన్ అడిగారు. "మీ బాపు ఫోటో మీద లైటు పడి తళతళ అంటె మొకం కనవడది నాయినా. ఉత్త కాగితం మీద మంచిగ కనవడ్తడు" అని వాళ్లకు రెండూ చేసి చూపించింది. వాళ్లు ఉత్త కాగితమే తీసుకుపోయారు.

ఇక పసుపు సంగతి చెప్పాలి.

పెండ్లి పత్రికలు అచ్చయి ఇంటికి రాగానే మొదటి కార్డు నాలుగు మూలలకు పసుపు అద్ది దేవుడి దగ్గర పెడతారని మీకు తెలిసిందే. మా వైపు అది మరీ పట్టింపు. పసుపు పండించే ఇండ్లు కదా. మొదట్లో కార్డులు ఉత్త అట్ట మీదే ఉండేవి కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. లామినేషన్ వచ్చాక అందరూ మెరుపే అడగడం మొదలుపెట్టారు. అప్పుడొక రైతు పత్రికల కట్ట పట్టుకుని తిరిగి వచ్చాడు. కోపంగా కాదు, బాధగా.

"అమ్మా, గీ కార్డు మీద పసుపు నిలుస్తలేదు. పెట్టంగనె జారిపోతున్నది. పసుపు పంట తీసెటోని ఇంట్ల, దేవునికాడ పెట్టిన పత్రిక తెల్లగ కనవడ్తె ఏం మంచిగుంటది చెప్పు."

ప్లాస్టిక్ పొర మీద పసుపు నిలవదు మరి. తడిపి పెట్టినా ఆరాక పొడి రాలిపోతుంది. నా భర్త ఏదో సర్దిచెప్పబోయాడు. "అందరు మెరుపే అడుగుతున్నరక్కా. అది లేకుంటె వేరే షాపుకు పోతున్నరు" అన్నాడు.

"మెరుపు ఉండాలె. పసుపు నిలవాలె. రెండు గావాలె తమ్మీ. ఎట్లనో సూద్దాం" అంది వదినె.

కొన్నాళ్లు ఆమె అదే పని మీద ఉంది. మొదట గరుకు కాగితంతో కార్డు మూలలు గీకి చూసింది. పసుపు నిలిచింది కానీ మూలలు ఎలుక కొరికినట్టు అయ్యాయి. తర్వాత లామినేషన్ వదిలేసి, జాలీ ఫ్రేము మీద నుంచి మెరుపు వార్నిష్ అద్దే పద్ధతి పట్టుకుంది. జాలీ బట్టలో ఎక్కడ రంధ్రాలు మూసేస్తే అక్కడ వార్నిష్ దిగదు. ఆమె ఫ్రేముకు నాలుగు మూలలూ మూసేసింది. కార్డంతా అద్దంలా మెరుస్తుంది, మూలల్లో మాత్రం చిన్న చిన్న జాగాలు ఉత్త కాగితంగా మిగులుతాయి. చూసేవాళ్లకు అది కూడా ఒక డిజైనులా అనిపిస్తుంది.

ప్రతి విడత కార్డులకూ పసుపు పరీక్ష పెట్టేది. పాడైన కార్డు ఒకటి తీసుకుని, వేలితో మూలకు పసుపు అద్ది, ఫ్యాను కింద ఆరనిచ్చి, కార్డును బల్ల అంచుకు కొట్టేది. పసుపు రాలకపోతే "నిలిసింది" అనేది. ఆ ఒక్క మాటే. దాని తర్వాతే మిగతా కార్డులు మొదలుపెట్టేది. మా దగ్గర వాటికి మూలల కార్డులని పేరు పడింది. పసుపు మార్కెట్‌కు బస్తాలు తెచ్చినవాళ్లు అటునుంచి అటే మా షాపుకు వచ్చి మూలల కార్డులు కావాలని అడిగేవాళ్లు.

ఇంట్లో మాత్రం వదినె పసుపు ముట్టేది కాదు.

పండగ రోజు మా అత్తమ్మ, అంటే వదినె కన్నతల్లి, కుంకుమ భరిణె తీయగానే ఆమె లేచి వెనక వాకిట్లోకి పోయేది. గిన్నెలు కడగడమో, ఏదో ఒకటి పెట్టుకునేది. ఎవరూ పొమ్మనేవాళ్లు కాదు. పొమ్మనాల్సిన అవసరం రాకుండా ఆమే పోయేది. షాపులో మణికట్టు దాకా పసుపుతో ఉండే చేతులు ఇంట్లో పసుపు పళ్లెం దరిదాపులకు రావు. షాపులోనూ అంతే. చెడిపోయిన కార్డుకు పసుపు పెట్టడం పని. మంచి కార్డుకు పెట్టడం శుభం. ఎవరైనా అక్కడే మొదటి పత్రికకు పసుపు పెట్టి ఇమ్మని అడిగితే, "మర్దలా, ఇటు రా" అని నన్ను పిలిచేది. నేను పెడుతుంటే ఆమె వెనక్కి జరిగి నిలబడేది. నాకు కోడలిగా ఆ ఇంట్లో నోరు తక్కువ. ఒకటి రెండుసార్లు, "ఈసారి నువ్వే పెట్టు వదినె" అన్నాను. "వద్దు. ఆళ్ల బిడ్డల లగ్గం. నాకెందుకు ఆళ్ల బరువు" అనేది.

అట్లా ఎన్నో ఏండ్లు గడిచాయి. ఒకరోజు ధర్పల్లి నుంచి ఒకామె వచ్చింది. బిడ్డ పెండ్లి పత్రికలు తయారయ్యాయంటే తీసుకుపోవడానికి ఒక్కతే వచ్చింది. నుదుట బొట్టు లేదు. కార్డులు చూసుకుని, మురిసిపోయి, కొంగు ముడి విప్పి కాగితం పొట్లం తీసింది. అందులో పసుపు.

"అక్కా, ఒక్క కార్డుకు ఈడనె పసుపు పెట్టి ఇయ్యున్రి. ఇంటికాడ పెట్టెటోళ్లు లేరు. మా తోడికోడలు పెడ్త అన్నది. పొద్దున పోయి అడిగితె నాకు పని ఉన్నదని లోపటికి పోయింది."

వదినె అలవాటుగా నన్ను పిలిచింది. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చాను. ధర్పల్లి ఆమె నన్ను చూసి, మళ్లీ వదినెను చూసింది.

"నువ్వు పెట్టవా అక్కా?"

"నేను పెట్టొద్దు చెల్లె. నాది గూడ నీ తీరే."

ఆమె పొట్లం వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది. "గీ పసుపు మా చేన్లది అక్కా. ఆయన పోయినంక నేనే పెట్టిన, నేనే కలుపు తీసిన, నేనే తవ్విన, నేనే ఉడకవెట్టిన. గప్పుడు ఎవ్వరు వద్దనలే. కార్డుకు పెడ్త అంటెనె వద్దంటున్నరు."

వదినె లేచి ఫ్యాను ఆపింది. బల్ల మీద కాగితాలన్నీ ఒక పక్కకు జరిపి, కట్టలోంచి మొదటి పత్రిక తీసి నడుమ పరిచింది. స్టూలు లాగి, "కూసో చెల్లె" అంది. "నీ బిడ్డ. నువ్వే పెట్టు. ఏమైతదో నేను జూస్త."

ధర్పల్లి ఆమె కూర్చుంది. వేలితో పసుపు తీసి, తల వంచుకుని, రెండు మూలలకు అద్దింది. అద్ది ఆగిపోయింది. "కడమ రెండు నువ్వు పెట్టక్కా. పత్రిక చేసింది నువ్వు గదా."

వందల వేల కార్డుల మీద వదినె చేతులు పనిచేయడం చూశాను నేను. కణకణా కాలే పలక పక్కనుంచి వేళ్లు లోపలికి పోయి బయటికి వచ్చేవి, ఏనాడూ ఆగలేదు. ఆ రోజు పసుపు తీసిన వేలు కార్డు దాకా పోయి, ఆగి, మళ్లీ పోయింది. మూడో మూల. నాలుగో మూల. ఆ తర్వాత ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ, కార్డు ఎత్తి బల్ల అంచుకు మెల్లగా తట్టింది.

"నిలిసింది" అంది.

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకు తెలియలేదు. నేను చాయ్ తెచ్చే నెపంతో బయటికి వచ్చాను.

ఆ పెండ్లి అయ్యేదాకా వదినె మనసు మనసులో లేదు. అన్నం సరిగా తినలేదు. ధర్పల్లి వైపు నుంచి ఎవరొచ్చినా అక్కడ అంతా మంచిదేనా అని అడిగేది. పెండ్లయిన తర్వాత ఆమె లడ్డూల డబ్బాతో షాపుకు వచ్చి, "మంచిగైందక్కా. పోరి సంబురంగ అత్తగారింటికి పోయింది" అని చెప్పింది. వదినె ఒక లడ్డూ తీసుకుని, మిషన్ వైపు తిరిగి, మాకు వీపు పెట్టి తిన్నది. చాలాసేపు తిన్నది ఆ ఒక్క లడ్డూ.

ఈ మాట ఊళ్లలోకి ఎట్లా పోయిందో తెలియదు. భర్త పోయిన తల్లులు మా షాపును వెతుక్కుంటూ రావడం మొదలైంది. ఒక్కోసారి కార్డులు వేరేచోట అచ్చు వేయించుకుని కూడా, పసుపు పెట్టించుకోవడానికి వచ్చేవాళ్లు. బోధన్ దిక్కు నుంచి, మోస్రా నుంచి. వదినె అందరికీ ఒకటే మాట చెప్పేది. "రెండు మూలలు నువ్వు పెట్టాలె. అప్పుడె నేను పెడ్త." ఒక్కామె మాత్రం పెట్టలేక పసుపు పొట్లం పట్టుకుని అట్లనే పోయింది. వదినె ఆమెను బలవంతం చేయలేదు. వీధి చివరిదాకా తోడు పోయి బస్సెక్కించి వచ్చింది.

ఇదంతా షాపులో. ఇంట్లో మాత్రం కుంకుమ భరిణె తీసినప్పుడు ఆమె ఇంకా వెనక వాకిట్లోకి పోతూనే ఉండేది.

మా బిడ్డ పెండ్లి కుదిరింది. పత్రిక పని మొత్తం తనదేనని వదినె ముందే చెప్పింది. ఎంత బంగారం పెడుతుందో అనుకున్నాం. పిల్ల పేరు, పిల్లగాడి పేరు, ఆ రెండింటికే ఫాయిల్ వేసింది. మిగతా అక్షరాలన్నీ రంగు లేకుండా, వేలికి తగిలేటట్టు ఉబ్బెత్తుగా లేపింది. కార్డులు ఇంటికి వచ్చిన రోజు అత్తమ్మ మంచం ముందు పీట వేసి, మొదటి పత్రిక పెట్టి, పసుపు గిన్నె తెచ్చాను. వదినె లేచి నిలబడింది.

"అత్తా, ఏడికి పోతున్నవ్? నువ్వే పెట్టాలె" అంది మా బిడ్డ.

"వద్దు బిడ్డా. నాకు భయమైతది."

"ఊళ్లోళ్లందరికి పెడ్తవ్. నాకు పెట్టవా?"

"ఊళ్లోళ్ల బిడ్డలు వేరు. నువ్వు మాకు ఒక్కతెవు."

అప్పుడు మంచం మీద నుంచి అత్తమ్మ పిలిచింది. అప్పటికి ఆమెకు లేచి నడిచే ఓపిక లేదు. చూపు కూడా ఆనదు.

"ఇటు రా బిడ్డా. చెయ్యి ఇటియ్యి."

వదినె పోయి మంచం పక్కన కూర్చుంది. అత్తమ్మ ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నువ్వు బోధన్‌కెల్లి వచ్చిన రోజు ఇంట్ల పూజైతుండె. నలుగురు ఏమన్న అంటె నీకు బాధైతదని, ఆళ్లకంటె ముందుగాల నేనే నిన్ను లోపటికి పొమ్మన్న. యాదికున్నదా?"

"ఉన్నదవ్వా."

"గా రోజు సంది నువ్వు పోతనే ఉన్నవ్. నేను సూస్తనే ఉన్న. ఇగ చాలు బిడ్డా. నా కండ్లముంగట ఒక్కసారి పెట్టు."

పసుపు గిన్నె దగ్గరికి జరిపాను. అత్తమ్మే తడుముకుంటూ వదినె వేలు పట్టి గిన్నెలో ముంచింది. వదినె మా పిల్ల పత్రికకు నాలుగు మూలలూ తనే పెట్టింది. ఆ రోజు కార్డును తట్టి చూడలేదు. పెట్టి, తల్లి ఒడిలో తల వాల్చింది. అత్తమ్మ పసుపు చేతితోనే ఆమె తల నిమిరింది. నెరిసిన జుట్టు మీద ఆ పసుపు సాయంత్రం దాకా అట్లనే ఉంది. ఆమె తుడుచుకోలేదు.

ఆ మరుసటి ఏడు అత్తమ్మ పోయింది. వదినె పని మానలేదు కానీ పనే తగ్గింది. పత్రికలు ఫోన్లలోకి పోయాయి. మా బిడ్డ ఒకసారి ఎవరిదో ఫోన్ పత్రిక చూపిస్తే, కండ్లద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చూసి, "మంచిగున్నది. మరి మూలలకు పసుపు ఏడ పెడ్తరు? అద్దం ఖరాబుగాదా?" అని అడిగింది. అందరం నవ్వాం. ఆమె నిజంగానే అడిగింది.

ఆమె కర్మ కార్డులు నా భర్తే అచ్చు వేశాడు. ఫోటో పెట్టి, ఉత్త తెల్ల కాగితం మీద. వాటికి నేను చేయాల్సిన పనేమీ లేదు. అయినా ఒక్కో కార్డూ చెంపకు ఆనించి చూశాను.

పన్నెండో రోజు ధర్పల్లి ఆమె వచ్చింది. ఆమె జుట్టు కూడా నెరిసింది. భోజనం చేసి, ఫోటో ముందు కాసేపు కూర్చుని, పోయేముందు నన్ను పక్కకు పిలిచింది.

"ఏమనుకోకు చెల్లె. ఇసొంటప్పుడు అడగొద్దు. అక్క ఏటేట నాకు ఫాయిల్ చుట్టలు ఇచ్చేది. వాడినంక మీరు పడేసెటియి. జొన్న చేనుకు పిట్టలొస్తున్నయి. ఆటిని కడ్తె మెరుపుకు బెదురుతయి."

ఆ సంగతి నాకు తెలియదు. ఫాయిల్ చుట్టలో అక్షరాల మేరకే బంగారం కార్డు మీదికి దిగిపోయాక మిగిలేది పల్చటి ఫిల్ము. దాన్ని చెత్తలో వేస్తామనే అనుకునేదాన్ని. వెనక గదిలో బల్ల కింద చూస్తే ఒక సంచి నిండా ఉన్నాయి, చక్కగా చుట్టి, దారం కట్టి. ఆ సంచి ఆమెకిచ్చాను.

తర్వాత కొన్ని వారాలకు ధర్పల్లిలో ఒక పెండ్లివారికి కార్డులు ఇవ్వడానికి నేనే పోవాల్సి వచ్చింది. పని అయ్యాక ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోతే, చేను దగ్గర ఉందన్నారు. గట్టు వెంట నడిచి పోయాను. ఎర్రజొన్న కంకులు వేసి ఉంది. చేను ఈ కొస నుంచి ఆ కొసకు కట్టెలు పాతి, వాటి మధ్య ఆ ఫిల్ము తాళ్లలా కట్టింది. అవి గాలికి మెలికలు తిరుగుతూ, ఎండకు బంగారంలా మెరుస్తూ, సన్నగా చప్పుడు చేస్తున్నాయి. దగ్గరికి పోయి ఒకటి పట్టుకుని చూశాను. బంగారం దిగిపోయినచోటల్లా ఫిల్ము అద్దంలా తేటగా ఉంది. అక్కడ ఒక పిల్ల పేరు, పక్కన ఒక పిల్లగాడి పేరు. మళ్లీ అవే పేర్లు, మళ్లీ అవే. ఆ తర్వాత వేరే జంట. ఎవరో నాకు గుర్తు లేదు. అక్షరాల్లోంచి అవతలి ఆకాశం కనిపిస్తోంది.

చేతిలోంచి వదిలేశాను. అది గాలికి తటాలున తిరిగింది. కంకుల మీది పిట్టలు ఒక్కసారి లేచి, పక్క చేను దాకా పోయి, అక్కడ వాలాయి.